కంప్యూటరు తెరపై బొమ్మలాట

ఈ దినములలో అనేక గృహములందు రాత్రి భోజనములైన పిమ్మట ఒక వివాదము వినవచ్చుచున్నది. కాలేజీలో చదువుకొనుచున్న కుమారుడో కుమార్తెయో కంప్యూటరు ముందు కూర్చుండి తెరపై ఒక బొమ్మను నడిపించుచు, ఆపుచు, మరల నడిపించుచు ఉండును. “చదువు మాని ఈ ఆటలేమి?” అని పెద్దలందురు. “ఇది ఆట కాదు, బొమ్మల సినిమా తీయుచున్నాను” అని పిల్లలందురు. ఇరువురి మాటలోను కొంత సత్యము కలదు. వీడియో ఆటలను తయారుచేయుటకై పుట్టిన పనిముట్లతోనే నేడు బొమ్మల చిత్రములు, అనగా కార్టూను చిత్రములు, తయారగుచున్నవి. చూచుటకు ఆటవలె కనిపించు ఈ పని యెట్టిది? నర్సీపట్నము వంటి యూరిలో మాధ్యమ విద్య నభ్యసించు విద్యార్థి దీనిని చేపట్టినచో అతడు నడువవలసిన త్రోవ యెట్టిది? ఆ త్రోవలో అసలైన చిక్కు ఎక్కడ నున్నది? ఈ విషయములను ఇచ్చట వివరింపదలచితిమి.

ముందుగా పాత పద్ధతిని జ్ఞాపకము చేసికొందము. సినిమా తెరపై సెకనుకు 24 నిశ్చల చిత్రములు ఒకదాని వెంట నొకటి వచ్చిపోవుటచే కదలిక యున్నట్లు మన కంటికి తోచును. ఆ లెక్కన నిమిషమునకు 1,440 చిత్రములు కావలెను. ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు ఫొటో తీసి సగము శ్రమ తగ్గించుకొన్నను నిమిషమునకు 720 బొమ్మలు, పది నిమిషముల కథకు 7,200 బొమ్మలు చేతితో గీయవలసి యుండును. అందువలన కార్టూను చిత్రము ఒంటరి మనిషికి అందని పనియై, పెద్ద స్టూడియోల సొత్తుగా నుండెను. మన దేశమున 1956లో డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ బొంబాయి ఫిలిమ్స్ డివిజనుకు వచ్చి ఇచ్చటి చిత్రకారులకు ఈ విద్య నేర్పెను. మరుసటి సంవత్సరమున జాతక కథ ననుసరించి ‘బన్యన్ డీర్’ అను చిత్రము వెలువడెను. తెలుగున 2006లో ‘కిట్టు’ అను పూర్తి నిడివి బొమ్మల చిత్రము వచ్చెను. 2001లో హైదరాబాదున స్థాపితమైన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో ‘ఛోటా భీమ్’ను టెలివిజనుపైకి తెచ్చెను. ఇవన్నియు అనేకులు కలసి చేసిన పనులు.

కంప్యూటరు వచ్చిన మాత్రమున ఈ శ్రమ తీరిపోలేదు. 1995లో విడుదలయిన ‘టాయ్ స్టోరీ’ పూర్తిగా కంప్యూటరుపై తయారయిన మొదటి పూర్తి నిడివి చిత్రము. అందు ఒక్కొక్క చిత్రమును, దాని నీడలతో మెరుపులతో సహా లెక్కకట్టి గీయుటకు యంత్రములకు గంటలకొలది కాలము పట్టెను. తెరపై కన్నుమూసి తెరచునంతలో గడచిపోవు చిత్రమునకు తెరవెనుక ఒక పూటయో ఒక దినమో ఖర్చయ్యెడిది.

వీడియో ఆటకు ఇంత తీరిక లేదు. ఆడువాడు మీట నొక్కిన మరుక్షణమే తెరపై వీరుడు ఎగురవలెను. ఆలస్యమయినచో అది ఆట కాజాలదు. కనుక సెకనులో ముప్పదవ వంతులోనో అరువదవ వంతులోనో ఒక క్రొత్త చిత్రమును గీసితీరవలెను. ఇందుకై ఆటల తయారీదారులు ఒక సాధనమును నిర్మించుకొనిరి. దానినే గేమ్ ఇంజను అందురు. ఇది ఇనుముతో చేసిన యంత్రము కాదు, కంప్యూటరులో నడచు ప్రోగ్రాము. బొమ్మ యెచ్చట నున్నది, దీప మెటువైపున నున్నది, నీడ యెచ్చట పడును, బంతి నేలను తాకిన నెట్లు ఎగురును అనువానిని క్షణక్షణము లెక్కించి చిత్రమును గీయుట దాని పని. వేగము కొరకు అది కొంత సూక్ష్మత్వమును వదలుకొనును. ఇటీవలి యంత్రములు శక్తిమంతములగుటచే ఆ లోపము సామాన్య ప్రేక్షకునకు కనబడుటలేదు.

ఈ పద్ధతి మన తెలుగువారికి క్రొత్త కాదని మేము చెప్పినచో ఆశ్చర్యపడ నక్కరలేదు. తోలుబొమ్మలాటను చూచినవారు దీనిని సులభముగా గ్రహింపగలరు. కాకినాడ సమీపముననున్న మాధవపట్నములోను, రాయలసీమలోని నిమ్మలకుంటలోను ఆ కళ నేటికిని నిలిచియున్నది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించెను. తోలుబొమ్మను ఒక్కమారే తయారుచేయుదురు. భుజము, మోచేయి, నడుము మున్నగు కీళ్లవద్ద ముడివేసి కదలునట్లు అమర్చుదురు. వెనుక దీపముంచి, ముందు తెల్లని తెర గట్టి, చేతితో ఆడించుచు నోటితో మాటలు చెప్పుదురు. చేయి కదలినప్పుడే బొమ్మ కదలును, ప్రేక్షకుడు అప్పుడే చూచును. గేమ్ ఇంజనులో జరుగునదియు ఇదియే. బొమ్మ ఒక్కమారు తయారగును, కీళ్లు అమరును, దీపము వెలుగును. పుల్లలకు బదులు మీటలు, తెల్లని గుడ్డకు బదులు గాజు తెర. బొమ్మ వెంట బొమ్మ గీయు చిత్రకారునికంటె బొమ్మలాడించు కళాకారునికే ఈ పని త్వరగా పట్టువడునని మా అభిప్రాయము.

ఆటల పనిముట్లతో కథ చెప్పుట యెట్లు మొదలయినదో చూడుడు. 1996లో ‘క్వేక్’ అను కాల్పుల ఆట విడుదలయ్యెను. తాము ఆడిన ఆటను దాచుకొని మరల చూచుకొను సౌకర్య మందు కలదు. ఆ సంవత్సరమే ‘రేంజర్స్’ అను ఆటగాండ్ర బృందమొకటి ఆ సౌకర్యము నుపయోగించి ‘డైరీ ఆఫ్ ఎ క్యాంపర్’ అను అతి చిన్న కథను నటించి చూపెను. ఇందొక చమత్కారము కలదు. వారు పంపిణీ చేసినది చలనచిత్రము కాదు, బొమ్మల కదలికల పట్టిక మాత్రమే. ఆ పట్టికను చూచి చిత్రమును గీసికొనుట చూచువాని కంప్యూటరు పని. పాటను గ్రామఫోను రికార్డుగా పంపక, స్వరము వ్రాసిన కాగితము పంపి మీ యింటనే పాడించుకొనుడని చెప్పుట వంటిది. ఇట్టి చిత్రములకు ‘మషీనిమా’ అను పేరు వచ్చెను. యంత్రము, సినిమా అను అర్థములిచ్చు రెండు ఆంగ్ల పదముల కలయిక యది.

2003లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున కొందరు మిత్రులు ‘హేలో’ అను ఆటలోని సైనికులతో ‘రెడ్ వర్సెస్ బ్లూ’ అను హాస్య ధారావాహికను ప్రారంభించిరి. ఆ సైనికుల ముఖములను పూర్తిగా కప్పు శిరస్త్రాణము లుండుటచే పెదవుల కదలిక చూపవలసిన పని లేకపోయెను. తల యూపినచో మాటలాడుచున్నట్లే. సాధనమునకు ఏది చేతగాదో తెలిసికొని దానికి తగిన కథ నెన్నుకొనుట యన నిదియే. ఆ ధారావాహిక 2024 వరకు సాగెను.

2005 అక్టోబరులో పారిస్ నగర శివార్లలో ఇద్దరు బాలురు పోలీసులకు భయపడి పారిపోవుచు విద్యుత్ కేంద్రమున మరణింపగా, ఫ్రాన్సు దేశమంతట అల్లర్లు చెలరేగెను. అలెక్స్ చాన్ అను యువకుడు, చలనచిత్ర విద్య నభ్యసింపనివాడు, ‘ది మూవీస్’ అను ఆటను ఉపయోగించి కొద్ది దినములలోనే ఆ విషయముపై ‘ది ఫ్రెంచ్ డెమోక్రసీ’ అను చిన్న చిత్రమును తయారుచేసెను. పత్రికలు దానినిగూర్చి వ్రాసెను. అయితే ఆ ఆటలో పారిస్ నగరపు వీధులు లేవు. అమెరికా పట్టణములను పోలిన దృశ్యములు మాత్రమే యుండుటచే అతడు తన యూరి కథను పరాయి వీధులలో నడిపింపవలసి వచ్చెను. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. మన విషయమునకు ఇది మూలము.

తరువాతి చరిత్ర మీ పిల్లలకే తెలియును. 2023 నుండి చిన్నపిల్లలు ఫోనులలో ఎగబడి చూచిన ‘స్కిబిడి టాయిలెట్’ అను వింత ధారావాహికను అలెక్సీ గెరాసిమోవ్ అను యువకుడు ఆటలలోని బొమ్మలతో, ఆటల సంస్థ ఉచితముగ నిచ్చిన పనిముట్టుతో తయారుచేసెను. పెద్దలు దాని రుచిని మెచ్చకపోవచ్చును. ఒక యువకుని పని ప్రపంచమంతట పిల్లల నోళ్లలో నానుట మాత్రము గమనింపదగినది. మరియొక వైపున 2024లో ఉత్తమ లఘు బొమ్మల చిత్రముగా ఆస్కారు బహుమతి పొందిన ‘వార్ ఈజ్ ఓవర్’ అన్‌రియల్ అను గేమ్ ఇంజను సాయముతో తయారయ్యెను. 2025లో పూర్తి నిడివి చిత్రములలో ఆ బహుమతిని గెలిచిన ‘ఫ్లో’ లాట్వియా అను చిన్న దేశపు చిత్రము. దాని దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ తనంత తాను నేర్చుకొన్నవాడు. అంతకు ముందు 2019 నాటి ‘అవే’ అను చిత్రమును సంగీతముతో సహా ఒక్కడే తయారుచేసెను. ‘ఫ్లో’కు వాడినది బ్లెండరు అను ఉచిత ప్రోగ్రాము. ఆటలవలె చిత్రమును తత్‌క్షణమే గీయు పద్ధతి అందు కలదు.

ఇచ్చట రెండు మార్గములను వేరుపరచి చూడవలెను. తయారై యున్న ఆటలోని బొమ్మలను నటింపజేయుట మొదటిది. నేర్చుకొనుటకు ఇది మంచి బడి. కాని ఆ బొమ్మలపై హక్కు ఆటను తయారుచేసిన సంస్థది. 2007లో మైక్రోసాఫ్టు సంస్థ తన ఆటలతో చిత్రములు తీయువారికి నియమములు ప్రకటించెను. వినోదమునకై తీయవచ్చును గాని అమ్ముకొనరాదు అనునది వాని సారాంశము. ఆట నుండి ఇంజనును మాత్రము గ్రహించి బొమ్మలను, దృశ్యములను తానే సమకూర్చుకొనుట రెండవ మార్గము. విద్యార్థి మొదటి మార్గమున కొన్ని నెలలు నడచి రెండవ దానికి మరలవలెనని మా సలహా.

పనిముట్ల వెలను గూర్చి తలిదండ్రులు భయపడ నవసరము లేదు. అన్‌రియల్ ఇంజను 1998లో అదే పేరుగల ఆటకై పుట్టినది. 2015 నుండి విద్యార్థులు దానిని రుసుము లేకుండ వాడుకొనగలుగుచున్నారు. గోడో అను ఇంజను 2014 నుండి అందరికిని ఉచితము. బ్లెండరు కథ మరింత ముచ్చటైనది. దాని నడపుచుండిన సంస్థ మూతపడగా, 2002లో వాడుకదారులు చందాలు వేసికొని ఏడు వారములలో లక్ష యూరోలు పోగుచేసి, దానిని విడిపించి లోకమునకు ఉచితముగ నొసగిరి. అన్‌రియల్ ఇంజనుకు శక్తిగల కంప్యూటరు కావలెను. బ్లెండరు, గోడో మాత్రము సాధారణమైన యంత్రములపైనను చిన్న పనులకు సరిపోవును.

ఇక నర్సీపట్నపు విద్యార్థి తన పని నెచ్చట మొదలుపెట్టవలెను? తెరపై కాదు, చెవితో మొదలుపెట్టవలెను. ఇది రేడియోవారి పక్షపాతము కాదు. కార్టూను చిత్రములలో సాధారణముగా ముందు మాటలను రికార్డు చేసి, ఆ మాటలకు తగినట్లు బొమ్మను కదలింతురు. కనుక ముప్పది సెకనుల కథ నొకదానిని వ్రాసికొని, దుప్పట్లు, బట్టలు గల చిన్న గదిలో తలుపులు మూసి ఫోనులోనే రికార్డు చేయవలెను. గుడ్డలు ప్రతిధ్వనిని మ్రింగును. పిమ్మట కన్నులు మూసికొని వినవలెను. చెవికి అర్థముకాని కథ బొమ్మలు చేరినంతమాత్రమున అర్థము కాదు.

ఆ గొంతు ఎవరిది, ఆ భాష ఎచ్చటిది అనునది తరువాతి ప్రశ్న. మన పిల్లలు చూచు బొమ్మల చిత్రములలో అధికభాగము ఇతర భాషలనుండి తెలుగులోనికి మార్చబడినవి. అందలి తెలుగు ఏ యూరిదియు కాదు. నర్సీపట్నపు బాలుడు ఇంటిలో ‘ఏటి’ అనును, తోటివానిని ‘గుంటడు’ అనును. తెరపై బొమ్మ యెన్నడును అట్లు పలుకదు. తన యింటి మాట బొమ్మ నోట వినని బాలుడు తన మాట ముచ్చటలకు తగదని తలచును. ఇది చిన్న నష్టము కాదు. ఆ నష్టమును తీర్చుటకు పెద్ద స్టూడియో అక్కరలేదు. ఆ యూరి అవ్వ గొంతు, ఒక ఫోను చాలును.

మాటకు తగినట్లు పెదవుల కదలికను తానై అమర్చు ప్రోగ్రాములు కలవు. వానిలో అనేకము ఇంగ్లీషు ధ్వనులకై తయారయినవి. తెలుగునకు అవి తడబడును. అయితే మన విద్యార్థికి ఒక పూర్వార్జితము కలదు. చిన్ననాట వల్లించిన వర్ణమాలయే అది. మన వ్యాకరణము అక్షరములను పుట్టు చోటును బట్టి కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని ఏనాడో విభజించినది. కార్టూను చిత్రకారుని నోటి పటమునకు ఇంతకంటె చక్కని పునాది యేమున్నది? ప, బ, మ అను ఓష్ఠ్యములకు పెదవులు మూసితీరవలెను. ఇది తప్పినచో చూచువాడు వెంటనే పట్టుకొనును. ‘వ’కు పై పళ్లు క్రింది పెదవిని తాకవలెను. ‘ఉ’, ‘ఒ’లకు పెదవులు గుండ్రపడవలెను, ‘ఇ’కి సాగవలెను, ‘అ’కు దవడ దిగవలెను. క, ట వర్గముల భేదము నోటి లోపలనే జరుగును గనుక బయటికి రెంటిని ఒకే తీరుగ చూపినను చెల్లును. ఇట్లు ఏబదికి పైబడిన అక్షరములకు ఏడెనిమిది నోటి ఆకారములు చాలును. మరియొక సూక్ష్మము: తెలుగు మాటలు అధికముగా అచ్చులతో ముగియును గనుక మాట చివర నోరు తెరచియుండును. వాడుకలో ‘నర్సీపట్నం’ అని సున్నతో ముగించినప్పుడు మాత్రము పెదవులు మూయవలెను.

ఇప్పుడు అసలు చిక్కునకు వచ్చుచున్నాము. ఇంజను ఉచితము, నేర్పు పాఠములు ఉచితము. బొమ్మలు సైతము ఇంటర్నెట్టులో కొన్ని ఉచితముగా, కొన్ని స్వల్ప వెలకు లభించును. ఆ బొమ్మల పెట్టెను తెరచి చూచినచో కోటలు, మంచు కొండలు, ఎత్తు బూట్ల సైనికులు, పొగగొట్టముల యిండ్లు కనబడును. తాటాకు కప్పిన యిల్లు, చింతచెట్టు క్రింద అరుగు, బెల్లము వండు గానుగ వెదకినను కనబడుట అరుదు. నడకలు సైతము తయారై లభించును. కుర్చీలో కూర్చుండుట దొరకును గాని, విస్తరి ముందు బాసిపట్టు వేసికొని కూర్చుండుట, బిందె చంకనెత్తుకొని నడచుట అంత సులభముగా దొరకవు. పంచె, చీర వచ్చునప్పటికి మరియొక కష్టము. దేహమునకు అంటిన చొక్కాను కదలించుట సులభము. కుచ్చిళ్లు, పైట జారుటను, ఎగురుటను లెక్కించుట యంత్రమునకు బరువు. ఆ బరువునకు జడిసి విద్యార్థి తన అవ్వకు గౌను తొడిగినచో, అలెక్స్ చాన్‌వలె తన యూరి కథను పరాయి వీధిలో నడిపించినట్లే యగును. చాన్‌కు గత్యంతరము లేకపోయెను. మన విద్యార్థికి కలదు.

అది అనకాపల్లి జిల్లాలోనే, వరాహనది యొడ్డున, ఏటికొప్పాకలో కలదు. అచ్చటి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. గింజలు, ఆకులు, వేళ్లు, బెరడుల నుండి తీసిన రంగులను వాడుకకు తెచ్చిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించెను. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటముగా ఆ బొమ్మలే నడచెను. అంకుడు కర్రను తరిమెనకు బిగించి త్రిప్పుచు ఉలి ఆనించినచో గుండ్రని ఆకారము వచ్చును. బ్లెండరులోను ఇదే పని కలదు. బొమ్మ యొక్క ప్రక్క గీతను మాత్రము గీసి, ఒక ఇరుసు చుట్టు త్రిప్పుమని చెప్పినచో నిండు బొమ్మ లేచి నిలుచును. తరిమెన పట్టిన చేతికిని, మీట నొక్కు చేతికిని విద్య ఒక్కటే.

ఏటికొప్పాక బొమ్మకు కుచ్చిళ్లు విడిగా వ్రేలాడవు. చీర యనగా నునుపైన దేహముపై నొక రంగు పట్టీ. కనుక గుడ్డ లెక్క యంత్రమునకు తప్పును. ఆకారము సరళమగుటచే పాత కంప్యూటరుపైనను బొమ్మ చురుకుగా కదలును. అందరి చిత్రములు ఒకే పెట్టెలోని బొమ్మలతో ఒకే తీరున నుండగా, ఈ బొమ్మ చూచిన క్షణముననే ఫలానా చోటిదని తెలియును. పేదరికమునకు మందుగా ఎంచుకొన్నది అందముగా పరిణమించుట కళలలో తరచు జరుగు విషయమే. అయితే ఆ రూపములు తరతరముల వడ్రంగుల కష్టఫలము. విద్యార్థి ఏటికొప్పాక వెళ్లి, వారు పనిచేయుట చూచి, అడిగి, చిత్రము చివర వారికి కృతజ్ఞత చెప్పుట మర్యాద.

దృశ్యముల విషయమునను ఇట్టి ఉపాయమే కలదు. నర్సీపట్నము నుండి చింతపల్లి దారి పట్టిన లంబసింగి వచ్చును. చలికాలపు ఉదయములందు అచ్చట పొగమంచు దట్టముగా క్రమ్మి, నాలుగు బారల దూరముననున్న చెట్టు సైతము కనబడదు. ఆటల తయారీదారులకు పొగమంచు ప్రాణమిత్రము. యంత్రములకు శక్తి చాలని రోజులలో దూరపు కొండలను గీయజాలక వారు మంచును క్రమ్మించెడివారు. 1999 నాటి ‘సైలెంట్ హిల్’ అను ఆట ఆ మంచుచేతనే పేరు పొందెను. మన విద్యార్థికి ఆ మంచు కల్పన కాదు, కన్నులార చూచినది. నాలుగు చెట్లు, ఒక మలుపు, మంచులో వెలుగు బస్సు దీపములు – ఇంతటితో మన్యపు దారి యంతయు తెరపై నిలుచును.

పెద్దలతో ఒక మాట చెప్పి ముగింతుము. మీ పిల్లలు ఆడుచున్నారా, తయారుచేయుచున్నారా అని తెలిసికొనుటకు కంప్యూటరు విద్య అక్కరలేదు. నీ బొమ్మ పేరేమి, దానికి కావలసినదేమి, నిన్నటికిని నేటికిని ఏమి మారినది అని అడుగుడు. ఆడువాడు తాను పొందిన మార్కులు చెప్పును. తయారుచేయువాడు తన బొమ్మ మోకాలు సరిగా మడుగుటలేదని మొరపెట్టుకొనును. ఆ మొర వినవచ్చినచో విద్య మొదలయినదని నమ్ముడు. పరీక్షల కాలమున పని నిలుపుమనుడు, రాత్రి పది గంటల తరువాత దీపమార్పుమనుడు. పనినే మాన్పకుడు. ముప్పది సెకనుల చిత్రమున కొక అవ్వ గొంతు కావలసి యున్నదని మనుమరాలు వచ్చి అడిగినచో, నాకేమి తెలియునని త్రోసిపుచ్చక, ఫోను ముందు కూర్చుండి మీ మాటలలోనే రెండు మాటలు చెప్పుడు. అట్టి మాట ఏ దేశపు బొమ్మల పెట్టెలోను దొరకదు.